పద్నాలుగో రూలు

"ఏందీ తలతిక్క ఆట!"

అంతవరకూ తమిళంలోనే మాట్లాడుతున్న అమ్మాయి నోట ఆ మాట వినగానే భువనేశ్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

పుదుచ్చేరి ముత్యాలపేటలో పాండియన్ ఫ్లెక్స్ షాపు మేడ మీద ప్రతి ఆదివారం మూడు గంటలకు బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్ళు పదిమంది చేరతారు. అక్కడ తమిళం వినబడుతుంది, ఇంగ్లీషు వినబడుతుంది, ఓడిపోయినవాళ్ళు అప్పుడప్పుడూ ఫ్రెంచిలో కూడా ఒక ముక్క విసురుతారు. తెలుగు మాత్రం ఇంట్లో భాష. నాలుగైదు తరాలుగా ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకు అది బయట ఒక్కందుకే పనికొస్తుంది, ఎవరికీ అర్థం కాకుండా తిట్టుకోవడానికి.

ఆ అమ్మాయి అందుకే వాడింది. పాపం, ఆ ఆట తయారుచేసినవాడు ఎదురుగానే కూర్చున్నాడని, వాడూ తెలుగువాడేనని ఆమెకు తెలియదు.

"తలతిక్క అని ఎందుకంటా ఉండారు?" అన్నాడు భువనేశ్ మెల్లగా.

ఆమె తల ఎత్తింది. చెవులు ఎర్రబడ్డాయి. "మీరు తెలుగోళ్ళా?"

"ఊఁ."

"తిట్టినందుకు సారీ," అంది. మళ్ళీ బోర్డు వంక చూసి, "కానీ ఆట మాత్రం తలతిక్కదే," అని తేల్చేసింది.

"డేయ్, నువ్వు మాట్లాడకూడదు!" అని పక్క టేబుల్ నుంచి షాపు ఓనరు, అతని స్నేహితుడు పాండియన్ అరిచాడు.

నిజమే. అది టెస్ట్ ఆట. టెస్ట్ ఆట జరిగేటప్పుడు తయారుచేసినవాడు నోరు విప్పకూడదు. రూళ్ళ కాగితం చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఆడేవాళ్ళు ఎక్కడ తడబడ్డారో రాసుకోవాలి. అలా చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో తన వంటకం మరొకరు తింటుంటే గుమ్మంలో నిలబడి చూసినవాళ్ళకు తెలుస్తుంది.

భువనేశ్‌కు ఇంకా కష్టం. అతను ఎలక్ట్రిసిటీ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. కరెంటు పోయిందని ఫోన్ చేసేవాళ్ళ పేర్లు రాసుకోవడం పని. భయపడటం రెండో ఉద్యోగం, దానికి ఆదివారం సెలవు కూడా లేదు. బండికి తాళం వేశానా, గ్యాస్ కట్టేశానా, అవ్వ మాత్ర వేసుకుందా అని రోజుకు పదిసార్లు గుండె దడదడలాడుతుంది. అలాంటివాడు ఏడాదిన్నర కూర్చుని ఒక యుద్ధం తయారుచేశాడు.

యుద్ధాల ఆటలు ఆడేవాళ్ళకు ఒక పాత బోర్డ్ గేమ్ ఉంది. దాని మ్యాపు పద్ధతి, బిళ్ళలు, పాచికలు తీసుకుని ఎవరి ఊరి యుద్ధం వాళ్ళు రాసుకోవచ్చు. దాన్ని సినారియో అంటారు. భువనేశ్ రాసుకున్నది 1760లో ఇంగ్లీషువాళ్ళు చేసిన పుదుచ్చేరి ముట్టడి. ఒకరు కోట లోపలి ఫ్రెంచివాళ్ళ తరఫున, ఇంకొకరు బయటి ఇంగ్లీషువాళ్ళ తరఫున ఆడతారు. పన్నెండు వంతులు గడిచేదాకా కోటలో బియ్యం ఉంటే కోటది గెలుపు, లేకపోతే బయటివాళ్ళది. డిసెంబరులో చెన్నైలో జరిగే బోర్డ్ గేమ్స్ మేళా పోటీకి దాన్ని పంపాలి. ఆఖరి తేదీ నవంబరు ముప్పై. అప్పటికి నెలన్నర ఉంది.

ఆ అమ్మాయి కోట తరఫున ఆడింది. గంటలో గెలిచేసింది. గెలిచినదానిలా మాత్రం కనబడలేదు.

"ఇప్పుడు మాట్లాడొచ్చు గదా?" అని అడిగింది. "ఈ బూడిదరంగు బిళ్ళలు ఏంది?"

"ఊరి జనం."

"వీళ్ళేం చేస్తారు?"

"తింటారు."

"తినేది తప్ప ఇంకేం చేయరా?"

భువనేశ్ రూళ్ళ కాగితం తిప్పి చూశాడు. "చేయరు."

"అందుకే మొదటి టర్న్‌లోనే అందరినీ బయటికి తోసేసినా. మీ ఏడో రూలు ప్రకారం తోసెయ్యొచ్చు. తోసేసినోళ్ళను డబ్బాలో పెట్టేయమన్నారు. బియ్యం మిగిలింది, గెలిచినా. ఇది ఆటేనా? ఎవరైనా ఇట్లే ఆడతారు, ప్రతిసారీ ఇట్లే గెలుస్తారు."

"నిజంగానే తోసేసినారు," అన్నాడు భువనేశ్. "చరిత్రలో ఉంది. తిండి చాలదని ఊరి జనాన్ని కోట బయటికి పంపేసినారు."

"పంపేసినాక ఏమైనారు?"

"ఇంగ్లీషోళ్ళు దారి ఇయ్యలేదు. వెనక్కి వస్తే కోటోళ్ళు లోపలికి రానియ్యలేదు. రెండు సైన్యాల మధ్య నిలబడిపోయినారు. వారం పైనే. ఆమీద దారి ఇచ్చినారంట."

ఆమె అతని వంక సూటిగా చూసింది. "ఆ వారం మీ ఆటలో యాడుంది?"

భువనేశ్ ఏడాదిన్నరలో నలభై పుస్తకాలు తిరగేశాడు. ఫిరంగులు లెక్కపెట్టాడు, ఓడలు లెక్కపెట్టాడు. ఆ వారం గురించి చదివాడు కూడా. చదివి, పేజీ తిప్పేశాడు.

"మా వాళ్ళు అప్పటికి ఈ ఊరొచ్చినారో లేదో నాకు తెలీదు," అంది ఆ అమ్మాయి లేస్తూ. "వచ్చుంటే కోటలో మాత్రం ఉండరు. ఈ బూడిద బిళ్ళల్లోనే ఉంటారు."

వెళ్ళేముందు టెస్ట్ ఫారం నింపింది. టి. అభినయ, పాల సొసైటీ ల్యాబ్, కురుచికుప్పంలో ఇంటి అడ్రసు. ఫోన్ నంబరు. 'మళ్ళీ ఆడతారా?' అన్న చోట, 'జనం సంగతి తేలిస్తే' అని ఇంగ్లీషులో రాసింది.

మూలకుళంలో తన ఇల్లు చేరేలోపు భువనేశ్ ఆ కాగితాన్ని మూడు సిగ్నళ్ళ దగ్గర తీసి చూశాడు. వాన మొదలైంది. కాగితం తడిసిపోతుందేమోనని హెల్మెట్ లోపల పెట్టుకున్నాడు.

*

ఆ వారమంతా కూర్చుని పద్నాలుగో రూలు రాశాడు. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. మొదటిది: కోటవాడు జనాన్ని బయటికి పంపొచ్చు. రెండోది: పంపిన జనం రెండు సైన్యాల మధ్య ఉండిపోతారు, వంతుకొక బిళ్ళ చచ్చిపోతుంది, చచ్చిన ప్రతి బిళ్ళకూ కోటలో సైనికుల ధైర్యం తగ్గుతుంది, బయటివాడు దారి ఇస్తే జనం బతుకుతారు, కానీ ఆ వంతులో అతను దాడి చేయలేడు.

అభినయకు మెసేజ్ పెట్టాడు. 'జనం సంగతి తేల్చినాను.' ఈ మూడు మాటలు టైప్ చేయడానికి అరగంట పట్టింది. టిక్కులు నీలంగా మారాయి. జవాబు రాలేదు. మధ్యాహ్నం దాకా రాలేదు. తను ఏదో తప్పు రాశాడని, ఆమె నవ్వుకుంటోందని, నంబరు బ్లాక్ చేసిందని వరసగా నమ్మాడు. రెండున్నరకు జవాబొచ్చింది.

'ల్యాబ్‌లో చేతులు ఖాళీ లేవు. ఆదివారం వస్తా.'

వచ్చింది. ఆ తర్వాతి ఆదివారమూ వచ్చింది. ఒక్కో వెర్షన్‌లో ఒక్కో తప్పు పట్టుకుంది. గాలివాన రూలులో చెదిరిపోయిన ఇంగ్లీషు ఓడలు మరీ తొందరగా తిరిగొస్తున్నాయి. వంతుకొకసారే కొట్టాల్సిన ఫిరంగి పొద్దున కొట్టి సాయంత్రం కూడా కొడుతోంది. పాత వెర్షన్ల కాగితాలన్నీ ఆమె ఒక ఫైల్లో పెట్టుకుంది.

"నీకింత ఓపిక యాడ్నుంచి వస్తాది?" అన్నాడు భువనేశ్ ఒకరోజు. మీరు నువ్వుగా ఎప్పుడు మారిందో ఇద్దరూ గమనించలేదు. నిజానికి భువనేశ్ గమనించాడు. మూడో ఆదివారం, నాలుగూ ఇరవైకి.

"నాది పాలల్లో నీళ్ళు పట్టుకునే ఉద్యోగం," అంది అభినయ పాచికలు గలగలలాడిస్తూ. "చూస్తే అన్నీ తెల్లగానే ఉంటాయి. నమ్మితే పని జరగదు."

"మనుషుల్ని కూడా అట్లే చూస్తావా?"

"మనుషులైతే ఇంకా ఈజీ. నిన్ను చూడు. నేను తప్పుదారిలో పోతే నీ ఎడమ కాలు ఊగతాది. సరిగ్గా ఆడితే గమ్మున ఉంటావు. నోరు మూసుకున్నా నీ కాలు రూళ్ళన్నీ చెప్పేస్తా ఉంది."

భువనేశ్ కాలు టక్కున ఆపేశాడు. ఆమె నవ్వింది. కిటికీ బయట వాన రేకుల మీద దంచి కొడుతోంది. ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండునని అతనికి అనిపించింది, ఉండదేమోనని వెంటనే భయం వేసింది.

నవంబరు రెండో ఆదివారం ఆమెతో ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, మడత నలగని పంచె, చేతిలో గొడుగు. అభినయ నాయన, తిరుమలై. ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇంట్లో ఉంటున్న మనిషి.

"మా పాప ఆదివారమైతే యాడకు పోతా ఉందో చూద్దామని వచ్చినా," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

భువనేశ్ లేచి నిలబడ్డాడు. ఆయన్ను సార్ అనాలా, మామా అనాలా తెలియలేదు. సార్ అంటే మరీ ఆఫీసులా ఉంది. మామా అంటే మరీ ముందుకు వెళ్ళిపోయినట్టు ఉంది. ఏమీ అనకుండా టీ తెప్పించాడు.

పెద్దాయన పావుగంట మ్యాపు వంక చూశాడు. "ఇది ఎప్పటికి అవుతాది?"

"నవంబరు ముప్పైకి సార్."

"సరి. ఆట ముగిసేదాకా వస్తాది. మాట ఇచ్చి సగంలో వదిలిపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. ముగిసినాక ఇంక ఈడ పనేముంది?" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అభినయ పాచికలు డబ్బాలో సర్దుకుంది. అది ఇంకా భయపెట్టింది. ఆమె ఒక్క మాట అని ఉంటే, 'పోండి నాయనా' అని నవ్వి ఉన్నా చాలు, భువనేశ్ దానితో వారం గడిపేసేవాడు.

ఆరోజు నుంచీ ఆట బాగుపడుతున్న కొద్దీ అతని ప్రాణం మీదికి వచ్చింది. ఒక్కో తప్పు దిద్దుతుంటే ఒక్కో ఆదివారం చేజారిపోతున్నట్టు ఉంది. మనసులో మాట చెప్పేస్తే సరిపోయేదానికి ఇంత అవస్థ ఎందుకని మీరు అడగొచ్చు. చెప్పి, కాదనిపించుకుని, ఉన్న ఆదివారాలు కూడా పోగొట్టుకోవడం అతని వల్ల కాదు. అంతే.

ఇరవై రెండో తేదీ ఆదివారం ఎనిమిదో వెర్షన్ ఆడారు. మూడు గంటల ఆట. చివరి వంతులో ఒక్క మూట బియ్యంతో కోట నిలబడింది. అభినయ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"రొంబ బాగుంది," అంది. "నేనేం తప్పు పట్టలేను. అయిపోయింది భువనేశ్. పంపించేయి."

ఏడాదిన్నరగా అతను వినాలనుకున్న మాట అది. వింటే ఏడుపొచ్చింది.

"వచ్చే ఆదివారం ఇంకొక్కసారి..." అని మొదలుపెట్టాడు.

"తప్పే లేనప్పుడు ఎందుకు? నాయన అడుగుతాడు." ఆమె ఫైలు సర్దుకుంటూ, అతనివైపు చూడకుండా అంది. "ఏమైనా మార్చింటే చెప్పు. వస్తా."

*

సోమవారం మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, భువనేశ్ ఆ పని చేశాడు.

పద్నాలుగో రూలులో రెండో వాక్యం తీసేశాడు. అది లేకపోతే మళ్ళీ పాత ఏడో రూలే, తోసేసిన జనం డబ్బాలోకి పోతారు.

దాన్నే ఎందుకు తీశాడంటే, ఆమె కళ్ళు మొదట అక్కడికే పోతాయి. ఇంకేది మార్చినా దాటిపోవచ్చు, ఇది దాటదు. ఆదివారం వస్తుంది, పట్టుకుంటుంది, నాలుగు తిడుతుంది. తను 'అయ్యో' అని అక్కడికక్కడే దిద్దేస్తాడు. సోమవారం సరైనదే పంపిస్తాడు. ఎవరికీ నష్టం లేదు, ఒక ఆదివారం మిగులుతుంది. భయస్థులు వేసే ఎత్తులు ఇలాగే ఉంటాయి. వేసేటప్పుడు ఎక్కడా లోపం కనబడదు.

తొమ్మిదో వెర్షన్ అని పేరు పెట్టి పాండియన్‌తో కలిసి వాడే ఫోల్డర్‌లో పెట్టాడు. అభినయకు మెసేజ్ పెట్టాడు. 'చిన్న మార్పు చేసినాను. ఆదివారం ఒక్కసారి చూడాల.'

ఈసారి జవాబు నిమిషంలో వచ్చింది. 'సరి.' పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా ఉంది. ఆ బొమ్మను చూసుకుంటూ అతను సాంబారన్నంలో పెరుగు పోసుకున్నాడు.

ఆదివారం వాన. మధ్యాహ్నం రెండుమ్ముప్పావుకే భువనేశ్ మేడ ఎక్కాడు. పాండియన్ పళ్ళన్నీ బయటపెట్టి ఎదురొచ్చాడు.

"పార్టీ ఎప్పుడు? శుక్రవారమే పంపేశాను!"

"ఏం పంపేశావు?"

"నీ సినారియో, మన ఫోల్డర్‌లోంచి తీసి పోటీకి. తుఫాను వస్తుందన్నారు కదా, కరెంటు పోతే నెట్ ఉండదని ముందే పంపేశాను. నువ్వు భయపడి ఆఖరి నిమిషం దాకా లాగుతావని నాకు తెలియదా?"

"ఏ వెర్షన్?"

"తొమ్మిది. అదే కదా ఆఖరిది?"

భువనేశ్ బల్ల మీద పెట్టబోయిన హెల్మెట్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"వాళ్ళకు బాగా నచ్చింది రా. జడ్జీలు వచ్చినవి వచ్చినట్టే ఆడుతున్నారట, నీది నిన్ననే ఆడేశారు. మేళా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు, చూడలేదా?"

ఫోన్ తీశాడు. గ్రూపులో రూళ్ళ ఫైలు ఉంది, ఫోటో ఉంది. టేబుల్ మీద పుదుచ్చేరి కోట. పక్కన డబ్బాలో పోసిన బూడిదరంగు బిళ్ళలు. కింద ఎవరో ఇంగ్లీషులో రాశారు: 'మొదటి వంతులోనే జనాన్ని వదిలించుకోండి. గెలుపు ఖాయం. సరదాగా ఉంది!' దానికి పన్నెండు చప్పట్ల బొమ్మలు.

ఆ గ్రూపులో అభినయ కూడా ఉంది.

మూడయింది. మూడుంపావు అయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఎవరెవరో వచ్చారు, ఆమె రాలేదు. మూడున్నరకు ఫోన్ టింగుమంది. ఒక ఫోటో. ఎనిమిదో వెర్షన్ కాగితం, తొమ్మిదో వెర్షన్ కాగితం పక్కపక్కన. ఎనిమిదిలో ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత. తొమ్మిదిలో ఆ చోటు ఖాళీ.

'ఇది ఎట్ల పోయింది?'

'పొరపాటు' అని టైప్ చేశాడు. చెరిపేశాడు. 'ఫైల్ మారిపోయింది' అని టైప్ చేశాడు. చెరిపేశాడు. అతను టైప్ చేయడం, చెరపడం ఆమెకు అవతల కనబడుతూనే ఉంటుందని ఆలస్యంగా గుర్తొచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని, వానలోనే బండి తీశాడు.

*

కురుచికుప్పంలో సముద్రానికి రెండు వీధులు ఇవతల వాళ్ళ ఇల్లు. తలుపు తిరుమలై తీశాడు. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్న కుర్రవాణ్ణి ఎగాదిగా చూశాడు.

"మామా," అన్నాడు భువనేశ్. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

పెద్దాయన ఒక తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టి, "పాపా" అని లోపలికి పిలిచాడు.

అభినయ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెప్పు. ఎట్ల పోయింది?"

పెద్దాయన అక్కడే కుర్చీలో కూర్చున్నాడు. కదిలేలా లేడు. భువనేశ్ నోట 'పొరపాటు' అన్న మాటే వచ్చింది.

"పొరపాటున ఫైలంతా పోతాది. అక్షరాలు పోతాయి. కొలిచినట్టు ఆ ఒక్క వాక్యం పోదు," అంది అభినయ. వెనక్కి తిరిగింది. "ఇంక పో."

ఆ తిరగడం చూశాక అతనికి ఇంతకంటే భయపడటానికి ఏమీ మిగల్లేదని తెలిసింది.

"నేనే తీసేసినా," అన్నాడు. "తప్పు ఉంటే నువ్వు మళ్ళీ వస్తావని. నిన్న ఆదివారం అయిపోయింది అన్నావు గదా. అయిపోతే నువ్వు రావు. అందుకే. ఈరోజు నువ్వు పట్టుకున్నాక పెట్టేద్దామనుకున్నా. పాండియన్ ముందే పంపేస్తాడని నాకు తెలీదు."

పోయిన ఆదివారాన్ని నిన్న అంటున్నానని కూడా అతనికి తెలియలేదు. పెద్దాయన తన గోళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"నేను రావాలని," అంది అభినయ మెల్లగా, "ఆ జనాన్ని మళ్ళీ తోసేసినావా?"

"ఊఁ."

"ఫోన్ చేసి రా అంటే రానా?"

"రాకపోతే?"

"రాకపోతే రాను! దానికి వాళ్ళేం చేసినారు?" ఆమె పాత వెర్షన్ల ఫైలు అతని ముందు పెట్టింది. "నేనెంత సంతోషపడినానో తెలుసా ఆ రూలు రాసినప్పుడు? నేను చుమ్మా, ఊరికే అన్న మాటకి ఒకడు వారం రోజులు కూర్చున్నాడే అనుకున్నా. ఇంట్లో అందరికీ చూపించినా ఆ కాగితం."

భువనేశ్‌కు ఏడుపొచ్చింది. తువ్వాలు ఉంది కాబట్టి సరిపోయింది.

"ఏడ్చేది తర్వాత," అంది ఆమె. "ముందర చెన్నై వాళ్ళకు రాయి. ఈడే కూర్చుని రాయి."

రాశాడు. మొదట రాసినదాంట్లో ఆఫీసు పని, తుఫాను, నెట్ అన్నీ ఉన్నాయి. ఆమె ఫోన్ లాక్కుని చదివి, అవన్నీ కొట్టేసింది. మిగిలింది మూడు ముక్కలు. పద్నాలుగో రూలులో ఒక వాక్యం నేనే కావాలని తీసేశాను. అది లేకుండా ఈ ఆట తప్పు. సరైనది దీనితో పంపుతున్నాను.

"పోటీలో నుంచి తీసేస్తారేమో," అన్నాడు భువనేశ్.

"తీసేయనీ."

భువనేశ్ పంపేశాడు.

జవాబు వచ్చేదాకా ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు పెద్దాయన గొంతు విప్పాడు. "ఆ ఆట ఒకసారి నాకు చూపించండి. ఈ ఒక్క వాక్యంలో ఏముందో చూస్తా."

నేల మీద చాప పరిచి, భువనేశ్ బండి డిక్కీలోంచి తెచ్చిన మ్యాపు వేశారు. అభినయ కోట. తిరుమలై బయటి సైన్యం. భువనేశ్ పక్కన కూర్చున్నాడు. మూడో వంతులో అభినయ జనాన్ని బయటికి పంపింది. పంపేటప్పుడు తండ్రి వంక కూడా చూడలేదు, గెలవాలనే ఆడింది. పది బూడిద బిళ్ళలు కోటకూ సైన్యానికీ మధ్య వరసగా నిలబడ్డాయి.

"ఇప్పుడు నేనేం చేయాల?" అన్నాడు పెద్దాయన.

"దారి ఇవ్వొచ్చు నాయనా. ఇస్తే ఈ టర్న్‌లో దాడి లేదు. ఇవ్వకపోతే వాళ్ళు ఒక్కొక్కరే పోతారు, మా సైన్యం ధైర్యం పడిపోతాది. నీకే లాభం. ఇంకో నాలుగు టర్న్‌లు గమ్మున కూర్చుంటే నువ్వే గెలుస్తావు."

పెద్దాయన బిళ్ళలను ఒక్కొక్కటీ వేలితో జరిపి, తన సైన్యాన్ని దాటించి, మ్యాపు చివరిదాకా తీసుకెళ్ళాడు. పదీ అయ్యేదాకా ఆగలేదు.

"నాయనా, ఓడిపోతావు!"

"మిల్లు మూసినప్పుడు నాలుగు నెలలు గేటు ముందర నిలబడినా పాపా," అన్నాడాయన. "లోపలికి రానీరు. ఇంటికి పోదామంటే ఏ మొగం పెట్టుకుని పోయేది? ఆటలో అయినా ఇంకొకరిని అట్లా నిలబెట్టి చూస్తా కూర్చోలేను."

ఆయన ఓడిపోయాడు. ఏమాత్రం బాధపడలేదు. అభినయ గెలిచి కళ్ళు తుడుచుకుంది. భువనేశ్ రాసుకోవడానికి తెరిచిన పుస్తకంలో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఫోన్ మోగింది. చెన్నై నుంచి మెయిల్. జడ్జీలు ఒక వెర్షన్ ఆడేశారు కాబట్టి రెండోది పోటీకి తీసుకోలేరట. కానీ మేళాలో ప్రదర్శనకు ఒక టేబుల్ ఇస్తారట, సరైన వెర్షన్‌తో రమ్మన్నారు.

"పోటీ పోయింది," అన్నాడు భువనేశ్.

"పోతే పోయింది," అన్నాడు తిరుమలై లేస్తూ. "ఆట ముగిసింది గదా?"

"ముగిసింది మామా. ఇంక తప్పేం లేదు."

ఈసారి నాలిక కరుచుకోలేదు. పెద్దాయన మీసం చాటున నవ్వాడేమో, వెలుతురు చాలక కనబడలేదు. "మీ ఇంట్లో పెద్దోళ్ళు ఎవరుండారు?"

"అవ్వ. అమ్మాయమ్మ అని. మూలకుళంలో."

"వాన తగ్గినాక ఒకరోజు పిల్చుకుని రా. కాఫీ తాగి పోతారు," అని ఆయన లోపలికి వెళ్ళాడు.

భువనేశ్ బండి దగ్గరకు వచ్చాడు. వెనకే అభినయ గేటు వేయడానికి వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. సముద్రం హోరు వీధి చివరి నుంచి వినబడుతోంది. ఇంకాసేపు ఉండటానికి ఏ సాకూ లేదు, మళ్ళీ రావడానికి అంతకంటే లేదు. గుండె చప్పుడు ఆమెకు కూడా వినబడుతుందని గట్టిగా నమ్మాడు.

"అభినయా."

"ఊఁ."

"నువ్వంటే నాకు ఇష్టం. మూడో ఆదివారం నుంచి. కాదు, మొదటి ఆదివారం నుంచే. ఇంక ఆటలో ఏ తప్పూ లేదు. చూసేదానికి ఏమీ లేదు. అయినా వచ్చే ఆదివారం నువ్వు రావాల." ఊపిరి పీల్చుకున్నాడు. "రాకపోయినా నేను చెప్పింది అబద్ధం కాదు."

ఆమె గేటు గడియ తీస్తూ, వేస్తూ నిలబడింది. అతను లెక్కపెట్టాడు. నాలుగుసార్లు.

"నామీద కోపం పోయిందా?" అని అడిగాడు ఆగలేక.

"సగం ఉంది. ఆదివారానికి పోతాదేమో చూద్దాం," అంది. గడియ వేసేసింది. అటునుంచే తల ఎత్తి చూసింది, ఈసారి చూపు తిప్పుకోలేదు. "మూడు గంటలకి బీచ్ రోడ్డుకు వస్తా. ఆట తీసుకురావద్దు."